జనవరిలో డబ్బు, జూన్‌లో నూల్‌కోల్: అమెరికాలో సీఎస్‌ఏ షేరు తీసుకోబోయే తెలుగింటికి

మన వైపు మామిడి తోటల్ని పూత మీదే మాట్లాడుకునే వ్యాపారులుంటారు. పూత చూసి బేరం కుదుర్చుకుని డబ్బిచ్చేస్తారు. ఆ తర్వాత గాలివాన వచ్చి పిందె రాలిపోయినా, తేనెమంచు పురుగు పట్టినా నష్టం వాళ్లదే. విరగకాస్తే లాభమూ వాళ్లదే. రైతుకు ముందే డబ్బు కట్టి పంటలో వాటా తీసుకునే ఈ సీఎస్‌ఏ ఏమిటని అడిగేవాళ్లకు ఇంతకంటే దగ్గరి పోలిక చెప్పలేం. కాకపోతే ఇక్కడ తోట మాట్లాడుకునేది ఒక వ్యాపారి కాదు, వంద రెండొందల ఇళ్లవాళ్లు కలిసి. అదీ అమ్ముకోవడానికి కాదు, వండుకోవడానికి.

కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్ (సీఎస్‌ఏ) పేరుతో ఇది అమెరికాలో మొదలైంది 1986లో. మసాచుసెట్స్‌లో ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూ హాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్ దాదాపు ఒకేసారి మొదలుపెట్టాయి. జపాన్‌లో ఇలాంటిదే 1970ల నుంచీ ఉంది, దాన్ని తెయ్‌కెయ్ అంటారు. చరిత్ర సంగతి అంతే. మనకు కావలసింది లెక్క. చిన్న కూరగాయల రైతుకు విత్తనాలు, గ్రీన్‌హౌస్‌కి గ్యాస్, నారు పోసే మట్టి, కూలీలు, అన్ని ఖర్చులూ ఫిబ్రవరి నుంచి మే దాకా మీద పడతాయి. అమ్మకం జూన్‌లో గానీ మొదలు కాదు. ఆ సందు పూడ్చడానికి బ్యాంకు అప్పుకు బదులు మీ డబ్బు తీసుకుంటాడు. దానికి బదులుగా సీజన్ పొడుగునా వారం వారం పంటలో మీ వాటా ఇస్తాడు. షేరు అన్న మాట అందుకే వచ్చింది. ఇది సరుకుల చందా కాదు. పంట పోతే మీ వాటా కూడా పోతుంది.

అది మాట వరసకు చెప్పడం లేదు. 2009లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో టమాటాకు లేట్ బ్లైట్ తెగులు వచ్చి చాలా సీఎస్‌ఏల్లో ఆ ఏడాది టమాటా అన్నదే లేకుండా పోయింది. పెద్ద దుకాణాల్లో అమ్మిన తెగులు నారు ఊరూరా పెరళ్లకు చేరి, అక్కడి నుంచి పొలాలకు పాకింది. 2011 ఆగస్టులో ఐరీన్ తుపానుకు వర్మాంట్‌లో నదుల పక్క పొలాలు మునిగాయి. కంటికి బాగున్న కూరగాయలు కూడా పారబోశారు, ఎందుకంటే వరద నీరు తగిలిన పంటను తినడానికి అమ్మకూడదు. ఇలాంటప్పుడు సాధారణంగా సభ్యులకు డబ్బు వెనక్కి రాదు, అడగడం ఒప్పందంలోనూ ఉండదు. అందుకే చేరే ముందు చూసుకోవలసింది ధర కంటే ముందు ఇది: ఆ పొలంలో ఎన్ని రకాలు వేస్తారు? నలభై యాభై రకాలు వేసేచోట టమాటా పోయినా క్యాబేజీ, బీట్‌రూట్ నిలబెడతాయి. పదిహేను రకాలు వేసేచోట ఒక వడగళ్ల వాన చాలు.

ఇక్కడ రాస్తున్న నెలల లెక్క మిడ్‌వెస్ట్, ఈశాన్యం వైపు ఉన్నవాళ్లకు. మంచు పోయాక జూన్ మొదట్లో మొదలై అక్టోబర్ చివర ముగుస్తుంది, సుమారు 18 నుంచి 20 వారాలు. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటే క్యాలెండర్ వేరు, చాలాచోట్ల చలికాలమే అసలు సీజన్.

షేరు సైజు బుషెల్ లెక్కన చెబుతారు. ఒక బుషెల్ సుమారు 35 లీటర్ల పరిమాణం. ఫుల్ షేరుకు తరచుగా ముప్పావు బుషెల్ పెట్టె, అంటే 26 లీటర్లు. హాఫ్ షేరుకు చాలామంది వాడేది బుషెల్‌లో తొమ్మిదింట అయిదు వంతుల పెట్టె, 20 లీటర్లకు కాస్త తక్కువ. పేరు హాఫ్ అయినా అది సగం కాదు, గమనించారా? కొందరు హాఫ్ షేరంటే వారం మార్చి వారం ఫుల్ పెట్టె ఇస్తారు, అందుకే ముందే అడగండి. ధర పొలాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది గానీ ఫుల్ షేరు వారానికి 30 నుంచి 40 డాలర్ల దగ్గర తేలుతుందనుకుని లెక్క వేసుకోవచ్చు. 20 వారాలకు 600 నుంచి 800. చాలా పొలాలు రెండు మూడు వాయిదాల్లో కట్టనిస్తాయి. విస్కాన్సిన్‌లో మాడిసన్ వైపు ఉంటే మీ ఆరోగ్య బీమా కంపెనీని కూడా ఒక మాట అడగండి, అక్కడ కొన్ని కంపెనీలు సీఎస్‌ఏ షేరు డబ్బులో కొంత వెనక్కి ఇచ్చే అలవాటు ఉంది.

రోజూ రెండు పూటలా కూర వండే ఇల్లు, నలుగురు మనుషులు, కాబట్టి ఫుల్ షేరే సరిపోతుందనుకోవడం మొదటి ఏడాది తెలుగువాళ్లు చేసే పెద్ద తప్పు. మనం కూరగాయలు ఎక్కువే తింటాం. కానీ పెట్టెలో వచ్చేవి మనం తినేవి కావు. బెండకాయ, దొండకాయ, ములక్కాడ, పచ్చిమిర్చి, కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్‌కి ఎలాగూ వెళ్తారు, ఆ బిల్లు పెద్దగా తగ్గదు. సీఎస్‌ఏ ఖర్చు దాని మీద అదనం. డబ్బు ఆదా కోసమైతే చేరకండి. మొదటి సీజన్ హాఫ్ షేరుతో గడిపి, అక్టోబర్‌కి ఎంత పారేశారో చూసుకుని పెంచుకోండి.

ఇంకో పెద్ద చిక్కు ఇండియా ప్రయాణం. పిల్లల సెలవులు జూన్ నడిమి నుంచి ఆగస్టు దాకా. పెట్టె నిండుగా ఉండేది సరిగ్గా అప్పుడే. 20 వారాల షేరులో ఆరు వారాలు ఊరెళ్తే డబ్బులో దాదాపు మూడో వంతు మీరు తినరు. చాలా పొలాల్లో తీసుకోని పెట్టె ఆ రాత్రికి లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి వెళ్తుంది, వెనక్కి ఏమీ రాదు. కొన్నిచోట్ల వారం రోజుల ముందు చెబితే ఒకటి రెండు వారాలు వాయిదా వేసి తర్వాతి వారం డబుల్ పెట్టె ఇస్తారు. డబుల్ పెట్టె అంటే రెండు క్యాబేజీలు, ఆరు కట్టల కేల్ ఆకు, అది వరం కాదు. వేసవిలో ఊరెళ్లే అలవాటున్న ఇంటికి రెండు దారులు మేలు. ఒకటి, అక్టోబర్-డిసెంబర్ మధ్య ఇచ్చే ఫాల్ షేరు. నిల్వ ఉండే దుంపలు, గుమ్మడి జాతి కాయలే ఎక్కువ వస్తాయి కాబట్టి పారేయడం తక్కువ. రెండోది, పెట్టె లేకుండా ముందు కొంత డబ్బు కట్టి, ఆ పొలంవాళ్ల సంత దుకాణంలో సీజనంతా అందులోంచి ఖర్చు పెట్టుకునే పద్ధతి. కావలసింది, కావలసినప్పుడు ఏరుకోవచ్చు. రైతుకు ముందస్తు డబ్బు అందుతుంది, మీకు నూల్‌కోల్ (ఇక్కడివాళ్ల కోల్‌రాబీ) బాధ తప్పుతుంది.

ఇంకో ఇంటితో కలిసి షేరు పంచుకునేవాళ్లు ప్రతి వారం పెట్టెను సగం చెయ్యకండి. ఒక వంకాయ, అర క్యాబేజీ, ఏడు బీన్సు ఎవరికీ పనికిరావు, పైగా ఎవరి సగం పెద్దదన్న మొహమాటం. వారం మార్చి వారం తీసుకోండి. ఏ వారం ఎవరిదో సీజన్ మొదట్లోనే క్యాలెండర్‌లో రాసేయండి.

చేరే ముందు పొలంవాళ్లను అడగవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. పెట్టెలో వచ్చేదంతా వాళ్లే పండిస్తారా, బయట కొని కలుపుతారా? కొని కలపడం తప్పేమీ కాదు, ముఖ్యంగా పళ్లూ మొక్కజొన్నా, కానీ చెప్పాలి. పికప్ దగ్గర స్వాప్ బుట్ట ఉందా? వద్దనుకున్నది అందులో వేసి వేరేది తీసుకునే బుట్ట అది. మనకు ఇది చాలా ముఖ్యం. కేల్ వేసి దిల్ (సోయకూర) తీసుకోవచ్చు, ఫెన్నెల్ (సోపు గడ్డ) వేసి మిరపకాయలు తీసుకోవచ్చు. త్వరగా వెళ్లినవాళ్లకే మంచివి దొరుకుతాయి. యూ-పిక్ ఉందా? చెర్రీ టమాటా, బీన్సు, కొత్తిమీర లాంటివి మనమే కోసుకోనిస్తారు, కూలి ఖర్చు ఎక్కువ కాబట్టి. ఆర్గానిక్ సర్టిఫికెట్ లేదని వెనకాడకండి. ఏటా 5,000 డాలర్ల లోపు ఆర్గానిక్ అమ్మకాలున్న పొలానికి సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, దాటినవాళ్లు కూడా కాగితాల పని పడలేక మానేస్తుంటారు. ఏ మందు, ఎప్పుడు కొడతారని సూటిగా అడిగితే రైతు సూటిగానే చెబుతాడు.

మొదటి మూడు పెట్టెలు నిరాశపరుస్తాయి, ముందే చెబుతున్నాం. దాదాపు అన్నీ ఆకులే. లెట్యూస్, పాలకూర, అరుగులా, ముల్లంగి, తెల్ల టర్నిప్, వెల్లుల్లి కాడలు, రుబార్బ్ అనే పుల్లటి కాడ. వంకాయ ఏదని అడక్కండి. వంకాయ విత్తనం మార్చిలో గ్రీన్‌హౌస్‌లో పోసినా, మంచు భయం పోయి నేల వేడెక్కాక, మే చివరనో జూన్‌లోనో గానీ నాటరు. ఆ తర్వాత రెండు నెలలు దాటితేనే కాయ. టమాటా, వంకాయ, మిరప ఆగస్టులో కట్ట తెంచుకుని వస్తాయి. అక్టోబర్‌లో మళ్లీ దుంపలు, కేల్, బటర్‌నట్ గుమ్మడి.

పెట్టె ఇంటికి వచ్చిన మొదటి గంట మీదే సగం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. అలాగే ఫ్రిజ్‌లో తోస్తే గురువారం తెచ్చింది సోమవారానికి చెత్తబుట్టలో ఉంటుంది. ముందు ముల్లంగి, బీట్‌రూట్, టర్నిప్, క్యారెట్లకు ఆకులు తుంచేయండి. ఆకు బతికినంతసేపూ దుంపలోని నీళ్లు లాగుతుంది, రెండు రోజుల్లో దుంప మెత్తబడుతుంది. ఆకులు పారేయకండి, బీట్‌రూట్ ఆకు పప్పులోకి తోటకూరలాగే ఉంటుంది, ముల్లంగి ఆకు వేపుడుకు బాగుంటుంది. ఆకుకూరలు సింకు నిండా చన్నీళ్లు పట్టి పది పదిహేను నిమిషాలు ముంచండి. వాడిన ఆకు నీళ్లు తాగి లేస్తుంది, ఇసుక అడుగుకు దిగుతుంది. ఆకును పైనుంచి ఎత్తి తియ్యండి. నీళ్లతో సహా వంచితే ఇసుక మళ్లీ ఆకు మీదే పడుతుంది. తరవాత పూర్తిగా ఆరబెట్టి, పాత నూలు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టండి. తడి ఆకు కుళ్లుతుంది, గాలి తగిలిన ఆకు వాడుతుంది, గుడ్డ రెండింటికీ మందు.

బ్రోకలీ, కాలీఫ్లవర్‌లో పచ్చని చిన్న గొంగళిపురుగులుంటాయి. శాకాహారులకు ఇది చిన్న విషయం కాదు. నాలుగు లీటర్ల నీళ్లలో పావు కప్పు ఉప్పు కలిపి అరగంట నానబెడితే పైకి తేలతాయి. అరుగులా, టర్నిప్ ఆకుల మీద గుండుసూది బెజ్జాలుంటే అది ఫ్లీ బీటిల్ పని. ఆకుకేం కాలేదు, తినొచ్చు.

టమాటాలు ఫ్రిజ్‌లో పెట్టకూడదు, 13 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే రుచి పోతుంది. తులసి జాతి బేసిల్ కూడా అంతే, నల్లబడుతుంది, నీళ్ల గ్లాసులో గట్టు మీద పెట్టండి. వంకాయ, కీరాలకు ఫ్రిజ్ చలి పడదు. మచ్చలు పడి మెత్తబడతాయి, మూడు రోజుల్లో వండేయాలి. బంగాళాదుంపలు చీకట్లో, ఉల్లిపాయలు వాటికి దూరంగా. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, ఏది ముందు చెడుతుందో ఆ వరసలో రాయండి: అరుగులా, పాలకూర, కొత్తిమీర, దిల్ రెండు మూడు రోజులు. బీన్సు, జుకినీ, బ్రోకలీ వారం. క్యాబేజీ, నూల్‌కోల్, ఆకు తీసిన దుంపలు వారాల తరబడి. తినే వరసా అదే. క్యాబేజీ తేలిక కదా అని ముందు వండి అరుగులాని వదిలేయడం అందరూ చేసే పొరపాటే.

ఇప్పుడు వంట. జూన్‌లో వచ్చే రుబార్బ్ కాడ చింతకాయంత పులుపు, మామిడికాయ పప్పు తినేవాళ్లకు ఇది దొరికిన నిధి. ఆకు మాత్రం విషం, కొసలతో సహా కోసి పారేయండి. కప్పు కందిపప్పుకు రెండు కాడలు, సుమారు 150 గ్రాములు చాలు. పప్పుతో కలిపి కుక్కర్‌లో వేస్తే పులుపుకు పప్పు ఉడకదు, పలుకు మిగిలిపోతుంది. పప్పు విడిగా ఉడికించి, రుబార్బ్ ముక్కల్ని పచ్చిమిర్చితో అయిదు నిమిషాలు మగ్గబెట్టి కలపండి. అవి పీచు లేకుండా కరిగిపోతాయి.

వెల్లుల్లి కాడలు, అంటే స్కేప్స్, జూన్‌లో ఒకటి రెండు వారాలే వస్తాయి. మొగ్గ పైన ఉండే సన్నని తోక పీచు, తీసేయండి. మిగతాది ఎండుమిర్చి, మినపప్పు, కాస్త చింతపండు వేసి పచ్చడి చేస్తే వేడన్నంలోకి వేరే వెల్లుల్లి కారం అక్కర్లేదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు నిలవుంటాయి.

నూల్‌కోల్ హైదరాబాద్, బెంగళూరులలో పెరిగినవాళ్లకు కొత్త కాదు. పైతొక్క మందంగా, కత్తితోనే తీయాలి, పీలర్ చాలదు. లోపలి పీచు పొర కూడా పోయేదాకా చెక్కకపోతే కూరలో నమిలినా నలగదు. ముక్కలు కోసి కొబ్బరి వేసి కూర, లేదా తురిమి పెరుగు పచ్చడి. తెల్ల టర్నిప్, హకురేయి రకం అయితే, పచ్చిదే తురిమి పెరుగులో వేసుకోవచ్చు.

కేల్ గురించి ఎవరూ ప్రేమగా మాట్లాడరు, మేమూ మాట్లాడం. కానీ వారం వారం వస్తుంది కాబట్టి దారి చూడాలి. మధ్య ఈనె తీసి, సన్నగా తరిగి, కాసిని నీళ్లు చిలకరించి మూతపెట్టి పది పన్నెండు నిమిషాలు మగ్గించి, నువ్వుల పొడి గానీ వేరుశనగ కారం గానీ చల్లండి. పప్పుతో కుక్కర్‌లో పెట్టకండి. క్యాబేజీ జాతి ఆకు అతిగా ఉడికితే గంధకం వాసన కొడుతుంది, పప్పంతా పాడవుతుంది. కేల్‌కు బదులు స్విస్ చార్డ్ ఎంచుకునే వీలుంటే అదే తీసుకోండి. పాలకూర పప్పులా వస్తుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు మాత్రం చార్డ్, బీట్‌రూట్ ఆకు, పాలకూర, రుబార్బ్ అన్నింట్లోనూ ఆక్సలేట్ ఎక్కువని గుర్తుంచుకోవాలి.

జుకినీని బీరకాయ అనుకోండి, సొరకాయ అనుకోండి, కానీ దానికంటే నీళ్లెక్కువ. మూత పెట్టకుండా, మంట పెద్దదిగా, ఉప్పు చివర్లో వేస్తే కూర అవుతుంది, లేకపోతే పులుసే. జూలై చివర మోచేయంత జుకినీలు వస్తాయి. గింజ గుజ్జు తీసేసి, తురిమి, పిండేసి పెసరట్టు పిండిలో కలిపేయడం ఉత్తమం.

పెద్ద నల్ల వంకాయ గుత్తివంకాయకు పనికిరాదు, కాల్చి పచ్చడి చెయ్యండి. ఫెయిరీ టేల్ అనే చారల చిన్న రకం వస్తే అది గుత్తికి సరిగ్గా సరిపోతుంది. లేత పసుపు హంగేరియన్ వ్యాక్స్ మిరప బజ్జీ మిరపకాయలాగే ఉంటుంది, కారం కూడా అటూ ఇటూ. టొమాటిల్లో అనే మెక్సికో కాయకు పొర ఊడదీసి జిగురు పోయేలా కడిగి పచ్చడి చేస్తే పచ్చి టమాటా పచ్చడికి అక్కలా ఉంటుంది. ఆ పచ్చి టమాటాలు ఎలాగూ చివర్లో వస్తాయి. మొదటి గట్టి మంచు పడే ముందు రోజు రైతు చెట్ల మీదున్నదంతా కోసేస్తాడు, ఆ వారం పెట్టెలో తెల్లవాళ్లకు ఏం చేయాలో తెలియని కాయలు మనకు పండగ. స్వాప్ బుట్టలో కూడా ఇవే ఎక్కువుంటాయి.

నిల్వ పచ్చడి పెట్టాలనుకుంటే ఆగస్టు చివర సెకండ్స్ అడగండి. మచ్చలున్న టమాటాలను అర బుషెల్, అంటే సుమారు 25 పౌండ్ల పెట్టెగా తక్కువ ధరకు ఇస్తారు. రోమా లాంటి కండ ఉన్న రకమే తీసుకోండి. స్లైసర్ రకాల్లో నీరు ఇగరడానికే గంటలు పడుతుంది, ఇగరకపోతే బూజు పడుతుంది. తీరిక లేకపోతే కడిగి తుడిచి కాయ పళంగా ఫ్రీజర్‌లో వేయండి, కరిగేటప్పుడు తొక్క దానంతటదే ఊడివస్తుంది.

పొలంలో రైతు కలుపని పీకి పారేసేవాటిలో గంగవాయిలి కూర ఉంటుంది, అడవి తోటకూర ఉంటుంది. యూ-పిక్ రోజున అడిగితే నవ్వి తీసుకోమంటారు. సరిగ్గా గుర్తుపట్టగలిగితేనే తీసుకోండి. గంగవాయిలి తుంచితే పాలు రావు. దాని పక్కనే పాకే స్పర్జ్ అనే మొక్క తుంచితే పాలు కారుతుంది, అది తినకూడదు.

దగ్గర్లో ఎలాంటి పొలాలున్నాయో వెతికేటప్పుడు వలస వచ్చిన రైతుల సీఎస్‌ఏలను ముందు చూడండి. మిన్నెసోటాలో సెయింట్ పాల్ చుట్టుపక్కల లావోస్ వైపు నుంచి వచ్చిన హ్మాంగ్ జాతి రైతులు కొత్తిమీర, థాయ్ మిరప, పొడుగు చిక్కుళ్లు, కాకర పండిస్తారు. బర్మా నుంచి వచ్చినవాళ్ల పొలాల్లో చిన్‌బాంగ్ అని అమ్మే ఆకు మన గోంగూరే. అలాంటివి అందుబాటులో లేకపోతే మీ రైతుతోనే వేయించవచ్చు, కానీ అడిగే సమయం ఉంది. సీజన్ అయ్యాక నవంబర్‌లో చాలా పొలాలు సర్వే పంపుతాయి. విత్తనాల ఆర్డర్ డిసెంబర్, జనవరిలో వెళ్తుంది. మార్చిలో అడిగితే వచ్చే ఏడాది మాట. గోంగూర పగలు తగ్గితే గానీ పూత పట్టని మొక్క, కాబట్టి ఉత్తరాదిన మంచు పడేదాకా పూయకుండా ఆకే ఇస్తుంది, నారు పోసి జూన్‌లో నాటితే చాలు. ఆ మాటే సర్వేలో రాసి, ఇంకో నలుగురు తెలుగు సభ్యుల చేత కూడా అదే రాయించండి. ఒకరు అడిగితే రైతు ఒక మొక్క వేస్తాడు, అయిదుగురు అడిగితే ఒక సాలు వేస్తాడు.